బంగారయ్య చావు కబురు

"ఒరే కొండలా, ఆవిడ చేతిలో కర్ర ఉందిరా!"

బంగారయ్య మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టుకుని గొంతు తగ్గించి అన్నాడు. రాయ్‌పూర్ పండరీ బట్టల మార్కెట్ ఎదుట హోటల్లో, మూల బల్ల దగ్గర, స్నేహితుడు కొండలరావుని పక్కన పెట్టుకుని అరగంట నుంచీ కాపు కాస్తున్నాడు. గుమ్మంలో భ్రమరాంబ కనిపించింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూలబడింది. ఆ పది అడుగులకే ఆయాసం వచ్చేసింది మనిషికి.

"కర్రుంటే ఏటి? పామైతే కాదు కదా," అన్నాడు కొండలరావు.

"నీకు నవ్వులాటగా ఉంది. మూడు పెళ్ళి సైట్లు గాలించి గాలించి ఈవిడని పట్టుకొచ్చినావు."

"నేను పట్టుకొచ్చినానా? మొదటి సైటు నిండా పెళ్ళికాని కుర్రాళ్ళే అన్నావు. రెండోదాంట్లో అందరూ హిందీలోనే రాస్తన్నారు, నాకు మజా రాదన్నావు. సరే కదా అని అరవై దాటినోళ్ళ సైటు వెతికి పెడితే, తెలుగులో 'భోంచేశారా?' అని అడిగింది చాలు, ఎగిరి గంతేసినావు. మూడు నెలలు పొద్దస్తమానం చాటింగ్ చేసింది నువ్వా, నేనా?"

"ఫోటోలో కూర్చుని ఉంది. కూర్చున్న మనిషి కాళ్ళ సంగతి ఎవడికి తెలుస్తుంది? నాకు చేసిపెట్టే మనిషి కావాలి గానీ, నేను చాకిరీ చెయ్యాల్సిన మనిషి కాదురా."

"అయితే ఎదురుగా కూర్చుని, కుదరదమ్మా అని మర్యాదగా చెప్పు. పాపం దుర్గ్ నుంచి లోకల్ బండిలో నిలబడి వచ్చుంటుంది."

"చెప్తే వింటుందా? ఎందుకు, ఏమిటి అని రోజూ ఏడుపులు. ఆ ఝంఝట్ నాకెందుకు?"

బంగారయ్య ఫోను తీసి టకటకా కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏటి రాస్తన్నావు?"

"చచ్చిపోయానని."

కొండలరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

బంగారయ్యకు పిల్లల్లేరు. అయినా అప్పటికప్పుడు ఒక కొడుకును పుట్టించి, వాడికి వివేక్ అని పేరు పెట్టి, వాడి చేత రాయించాడు: 'నమస్తే ఆంటీ. నేను బంగారయ్యగారి అబ్బాయి వివేక్‌ని. నాన్నగారు ఈ ఉదయం గుండెపోటుతో పోయారు. ఆయన ఫోన్లో మీ మెసేజీలు చూసి చెబుతున్నాను. ఇక మీరు ఏమీ రాయకండి.'

"వద్దురా. పాపం తగులుతుంది."

"ఒక్క పూట ఏడుస్తుంది. రేపటికి ఇంకొకడిని వెతుక్కుంటుంది. చూస్తూ ఉండు, తమాషాగా ఉంటుంది," అంటూ పంపేశాడు.

కిటికీ పక్కన ఫోను మోగింది. భ్రమరాంబ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆర్డరు కోసం వెయిటర్ వచ్చాడు.

"ఇంకొకరు రావాలి భయ్యా..." అనేసి, అంతలోనే గుర్తొచ్చి, ఇక రారన్నట్టు తల అడ్డంగా ఊపింది. "నహీఁ... వో అబ్ నహీఁ ఆయేంగే."

డబ్బా మూత తీసింది. లోపల బెల్లం గవ్వలు. ఒకసారి చూసి మూత పెట్టేసి, ఆ డబ్బా మీదే తల వాల్చి ఏడ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగడం లేదు. పక్క బల్లల వాళ్ళు తినడం మానేసి చూస్తున్నారు.

"చూసినావా? నేనంటే ఎంత ఇదో!" బంగారయ్య తెల్లమీసం దువ్వుకున్నాడు.

కొండలరావు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

నిమిషాలు గడిచాయి. ఏడుపు ఆగలేదు. బంగారయ్య ముఖం మీద నవ్వు మెల్లగా చెదిరిపోయింది. రేపు నిజంగానే తను పోతే, ఈ రాయ్‌పూర్ మొత్తంలో ఇలా ఏడ్చే మనిషి ఎవరున్నారు? మనసులో ఇల్లిల్లూ వెతికాడు. ఒక్క పేరూ తట్టలేదు. పక్కనున్న కొండలరావు కూడా ఏడవడు. శ్మశానం దాకా వచ్చి, పని ఉందని వెళ్ళిపోతాడు. కళ్ళు మసకలయ్యాయి. కాలు కుంటిదైతేనేం, ఇంతలా ఏడ్చే మనిషి ఇంక దొరకదు.

లేచాడు.

"ఎక్కడికిరా?"

"బతికొస్తాను."

వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డాడు. అంత దూరం కూడగట్టుకున్న మాటలు తీరా నోటికి రాలేదు. చెంపల మీద కన్నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

భ్రమరాంబ తలెత్తింది. అతని ముఖంలోకి చూసింది. చేతిలోని ఫోనులోకి చూసింది. అందులో సైటు కోసం బంగారయ్య పెట్టిన ఫోటో ఉంది. ఒత్తు జుట్టు, నల్లమీసం, రైల్వే గార్డు యూనిఫాం. పాతికేళ్ళ కిందట తీయించుకున్నది. మళ్ళీ అతని బట్టతల, ముడతల ముఖం చూసింది. అదే ముక్కు, అదే గడ్డం. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

గుర్తుపట్టేసిందని బంగారయ్యకు ప్రాణం లేచొచ్చింది. అవును, నేనే అన్నట్టు తల ఊపాడు.

ఆమె కర్ర ఊతంతో లేచింది. ఆ కాలితోనే కష్టపడి వంగి అతని పాదాలకు దణ్ణం పెట్టింది. తర్వాత అతని రెండు చేతులూ పట్టుకుని బావురుమంది.

"ఊరుకోండి మావయ్యగారూ... ఈ వయసులో కొడుకు చావు చూడమని మీ నుదుట రాశాడే ఆ దేవుడు!"