వంకర ముగ్గు

తలుపు తీసిన శిరీష గడప దాటకుండానే ఆగిపోయింది. వాకిట్లో ముగ్గు ఇవాళ కూడా వంకరగానే ఉంది.

ఏదో ఒక వంకర కాదు, అచ్చం తను వేసే వంకర. చుక్కల వరుస నాలుగో చుక్క దగ్గర పక్కకు జరిగింది. గీత మధ్యలో తెగి, మళ్లీ లావుగా మొదలైంది. చివర్న పిండి ఒక్కచోటే కుప్పగా పడింది. కానీ వేసింది శిరీష కాదు, ఆమె అత్త శంకరమ్మ. బోధన్‌లో ఆ వాడకట్టు మొత్తానికి ముగ్గంటే శంకరమ్మదే. పాలు పోసే మనిషి కూడా ఆ ముగ్గు తొక్కడానికి మనసొప్పక బండిని చుట్టూ తిప్పుకుని పోయేవాడు.

ఎదురింటి ఈరవ్వ చీపురు పట్టుకునే ముగ్గు దాకా వచ్చింది.

"ఇయ్యాల ముగ్గు ఎవలేసిండ్రు శంకరమ్మా?"

"నేనే. నేనుగాక ఎవలేస్తరు?" ముగ్గు పక్కనే నిలబడ్డ శంకరమ్మ వాడంతా వినపడేలా చెప్పింది.

ఈరవ్వ ముగ్గును చూసింది. గడపలో నిలబడ్డ శిరీషను చూసింది. "అయ్యో పాపం" అనుకుంటూ వెళ్లిపోయింది.

శిరీషకు ఒళ్లు మండింది. ఆ పాపం ఎవరి మీదో తెలియనంత పిచ్చిది కాదు. ఇట్లాంటి కోడలు దొరికినందుకు అత్త మీద జాలి! నాలుగు రోజుల కిందట "రేపటి సంది నువ్వు లేవకు, ముగ్గు నేనేస్త" అని అత్త అన్నప్పుడే మనసు చివుక్కుమంది. ఇప్పుడు రోజూ వీధి నడుమ ఈ వెక్కిరింపు ఒకటి.

శిరీష వేళ్లు పొద్దున లేవగానే ఓ గంటసేపు మాట వినవు. చిటికెడు పిండి పట్టుకుందామంటే పిడికెడు జారిపోతుంది. ఇరవై ఆరేళ్లకు కీళ్లవాతమంటే ముందు తనే నమ్మలేదు. ధర్పల్లిలో తల్లిగారింటికని చెప్పి, దారిలో నిజామాబాద్‌లో దిగి డాక్టరుకు చూపించుకుంది. "ముసలోళ్లకే వస్తదని ఎవరు చెప్పిన్రమ్మా? గోలీలు ఆపకు. లేవంగనే వేడినీళ్లల్ల చేతులు పెట్టు, వేళ్లు మెల్లగ ఆడించు. పని చేస్కో, చేతులను మాత్రం సతాయించకు" అన్నాడాయన. రోగం గురించి భయం అక్కడే సగం పోయింది.

పోనిది ఇంటి భయం. పెళ్లయి ఆరు నెలలు. 'రోగమున్న పిల్లను అంటగట్టిండ్రు' అని ఈ వాడలో ఒక్కరన్నా చాలు, ధర్పల్లిలో ఆమె తల్లి తలెత్తుకోలేదు. అందుకే గోలీలు పరుపు కిందికి చేరాయి. భర్త సాయిరాంకు కూడా చెప్పలేదు.

వంటింట్లో గిన్నెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఈ నాలుగు రోజులుగా అత్త తెల్లారకముందే ఎందుకో నీళ్లు కాచి పెడుతోంది. శిరీష చెంబెడు వంచుకుని, వెనక వసారాలో వేళ్లు నానబెట్టుకుని వచ్చింది. వచ్చేసరికి శంకరమ్మ జొన్నపిండి కలుపుతోంది.

"అత్తమ్మా, నా ముగ్గు బాగలేకుంటే నా ముఖం మీదనే అనుండ్రి. నలుగుట్ల నన్ను గిట్ల ఎక్కిరించుడెందుకు?"

పిండి కలిపే చెయ్యి ఆగింది. "ఎక్కిరించుడా? నేనా?"

"మరేంది? నా వంకరలన్ని సూసి సూసి ఏస్తున్నరు. నాలుగో సుక్క గూడ మర్వలే!"

"గా నాలుగో సుక్కనే మస్తు సతాయించింది" అంది శంకరమ్మ. "నలభై ఏండ్ల సంది సక్కగ పోయిన చెయ్యి. వంకర తిప్పుమంటే తిరుగుతలేదు."

శిరీషకు ఏడుపు ఆగలేదు. "నేను మా అమ్మోళ్లింటికి పోత."

శంకరమ్మ లేచి వాకిలి తలుపు దగ్గరగా వేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కోడలి ముందు కూర్చుంది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. అయితారం నాడు పరుపు దులుపుతుంటే గోలీల పట్టీ దొరికింది. నాకు సదువు రాదాయె. ఏం గోలీలో ఏమోనని బుగులైంది. వాడ కొనకు మందుల దుకాణం ముత్యం ఉన్నడు గద, పోయి ఆయనకు సూపిచ్చిన."

శిరీష కళ్లు తుడుచుకుంది. "ఏమన్నడు?"

"'గివి కీళ్లవాతం గోలీలు, ఎవలికి పెద్దమ్మా' అన్నడు."

"అప్పుడు దుకాణంల ఇంకెవలన్న ఉన్నరా?"

"ఈరవ్వ ఉన్నది."

ఇంకేముంది, అయిపోయింది. ఈరవ్వ చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా ఊరి పక్కనున్న శక్కర్‌నగర్ కూడా దాటుతుంది. ఈ నాలుగు రోజుల్లో ధర్పల్లికీ చేరే ఉంటుంది. తల్లి ముఖం శిరీష కళ్లముందు మెదిలింది.

"మరి... మీరేం చెప్పిండ్రు?"

శంకరమ్మ కోడలి చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉన్న వేళ్లను ఒక్కొక్కటే మెల్లగా నిమిరింది.

"నాకే అని చెప్పిన. ఇగ ముగ్గు సక్కగ ఏస్తే ఎవలు నమ్ముతరు?"