మూసుకుపోయిన సందు

అక్టోబరు నాలుగు నాకు బాగా గుర్తు. శనగ వడలు తిని కునుకు తీస్తుంటే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఇద్దరు యాత్రికులు.

“చర్చికి ఇటేనా?”

“ఈ సందు మా ఇంటితో సరి. ఎవరు పంపారు మిమ్మల్ని?”

“మూలింటి ముందు మస్తిక్ బంక శుభ్రం చేస్తున్న పెద్దావిడ.”

మంచినీళ్లిచ్చి, వాళ్లను చర్చి దాకా దిగబెట్టి, ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆమె మా ఆవిడకు అక్క, అర్గిరో.

“రోజూ ఎవరో ఒకరిని నా మీదికి తోలుతున్నావు. పుట్టిన ఊళ్లో చర్చి ఎక్కడుందో మరిచిపోయావా వదినా?”

ఆమె చాకుమొనతో, చెట్టు నుంచి కారి గట్టిపడిన ఆ బంకకు అంటిన ఆకు తీస్తూ నవ్వింది. “దీవి మీద పడే ఓడదొంగలు దారి తప్పాలనే కదా మన మెస్తాలో పెద్దలు ఇన్ని వంకర సందులు కట్టింది! వాటిని ఊరికే పోనివ్వడం ఎందుకని.”

“పాపం, వాళ్లేం దొంగలు!”

“నా చెల్లెలు పోయాక మేం తలుపు కొడితే ‘నిద్రొస్తోంది’ అంటావు. పరాయివాళ్లు కొడితే చర్చి దాకా కబుర్లు చెబుతూ వెళ్తావు. మాస్టారి గొంతు మేమూ వినాలిగా!”

ఆమె పక్కనే కూర్చుని బంక పళ్లెంలోకి చెయ్యి పెట్టాను.

“ముందు చేతులు కడుక్కో!”

పొద్దువాలే దాకా ఇద్దరం బంక ఏరాం.

“రేపు నీ అంతట నువ్వే రా. లేదంటే బస్సెడు జర్మన్లను పంపిస్తా,” అని, ఆమె చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.