పెట్టెలో మనిషిది ఏదో ఉంది

"ఓపాలి మూత తియ్యమ్మా. సూత్తాను."

ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి సాయిశ్రీ తెల్లటి థర్మోకోల్ పెట్టెను గుండెకి హత్తుకుంది.

మాసిన లుంగీ, వారాల గెడ్డం, నిద్రలేక ఎర్రబారిన కళ్ళు. అనకాపల్లి బస్టాండులో అడుగుపెట్టినప్పటి నుంచీ అతన్ని గమనిస్తూనే ఉంది. బెంచీల కిందకి వంగి చూస్తున్నాడు. జనం సంచుల్లోకి తొంగి చూస్తున్నాడు. ఆడపిల్ల కనబడితే చాలు, దగ్గరికెళ్ళి మొహంలోకి చూస్తున్నాడు.

"తియ్యకూడదు. చల్లదనం పోతే పాడైపోతుంది," అంది.

"ఏటుంది అందులో?"

"మందు."

అబద్ధమే. నిజం చెబితే ఇతనికి ఏం అర్థమవుతుంది?

అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు కణం సగానికి సగంగా విడిపోతుంది. ఆ పనిలో తెగిన డీఎన్ఏ పోగుల్ని అతికే ప్రొటీన్ అది. మనిషిలో ఉండేదాన్నే బాక్టీరియాలో పెంచి తీసేరు. కొందరికి కడుపు ఎందుకు నిలవదో తెలుసుకోవాలని విశాఖలో తను పనిచేసే ల్యాబ్ దానికోసం ఏడాదిగా కాచుకుని ఉంది. విదేశం నుంచి విమానంలో హైదరాబాద్ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి రైల్లో సాయిశ్రీ తెస్తోంది. దారిలో ముందెక్కడో వానకి పట్టాలు కొట్టుకుపోయి, రైలు అనకాపల్లిలోనే ఆగిపోయింది. మిగిలిన దూరం బస్సులో పోదామని ఇక్కడికొచ్చింది.

చుట్టూ పెట్టిన డ్రై ఐస్ ఆవిరైపోతోంది. మూత సందులోంచి తెల్లటి పొగ.

"ఏటా పొగ?" అన్నాడు పక్కనున్న బెల్లం వ్యాపారి లోకనాథం. పెట్టె మీది స్టిక్కర్ కూడబలుక్కుని చదివేడు. "హ్యూమన్... ఓర్నాయనో! హ్యూమనంటే మనిషి కాదేటి?"

రోలుగుంట సంతలో చిన్నమ్మలు అనే పిల్ల తప్పిపోయినప్పటి నుంచీ అంతటా ఒకటే పుకారు. పిల్లల్ని ఎత్తుకుపోయి, కిడ్నీలు తీసి, ఐసు పెట్టెల్లో పంపేస్తున్నారని.

"పెట్టెలో మనిషిది ఏదో ఉందిరోయ్!"

చూస్తుండగానే జనం మూగిపోయేరు.

"ఇది ప్రొటీనండీ. మనిషిది కాదు... అంటే మనిషిదే, కానీ..." సాయిశ్రీ నాలుక తడబడింది.

"మనిషిదేనంట! ఒప్పేసుకుంది!"

"చిన్నమ్మల్ని ఏటి సేసేవే?"

ఎవరో జడ పట్టుకుని లాగేరు. పెట్టెని రెండు చేతులా పట్టుకుని దానిమీదకి వంగిపోయింది.

అప్పుడు ఆ ఎర్రకళ్ళ మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి పెట్టె లాగేసుకున్నాడు.

అయిపోయింది, అనుకుంది.

అతను మూత ఎత్తేడు. గుప్పున పొగ లేచింది. జనం భయపడి వెనక్కి తగ్గేరు. అతను మాత్రం పొగలోనే మొహం పెట్టి, వేళ్ళు చురుక్కుమంటున్నా లోపలంతా తడిమేడు.

వేలెడంత గొట్టం. అడుగున బొట్టంత నీరు. అంతే.

అతని ఒళ్ళంతా ఒక్కసారి వదులైపోయింది. మూత జాగ్రత్తగా మూసేసేడు.

"నేదు. పిల్లది ఏటీ నేదు ఇందులో. ఈ తల్లిని ఒగ్గేయండి."

"సెప్పడానికి నువ్వెవుడ్రా? నువ్వూ ఈ ముఠావోడివేనా?"

"నాను..."

అంతలో రాయొచ్చి నుదుటికి తగిలింది.

నెత్తురు కళ్ళలోకి కారుతుండగానే అతను పెట్టె ఆమె చేతుల్లో పెట్టి, బయల్దేరబోతున్న విశాఖ బస్సులోకి నెట్టేడు. తను కిందే తలుపుకి అడ్డంగా నిలబడిపోయేడు.

"పోనీ బావా, పోనీ!" అని డ్రైవర్ మీద అరిచేడు.

బస్సు కదిలింది. వెనక కేకలు, దెబ్బల చప్పుడు. సాయిశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుంది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ప్రొటీన్ చెడకుండా ఫ్రీజర్లోకి చేరింది. ప్రొఫెసర్‌గారు మెచ్చుకున్నారు. ఆమెకి మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు అనకాపల్లి వచ్చి, బస్టాండు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ త్రినాధరావుని అడిగింది.

"నిన్న దెబ్బలు తిన్నతను... బతికే ఉన్నాడా?"

"పోతురాజా? ఉన్నాడమ్మా. ఆస్పత్రిలో నేనే చేర్పించేను. పొద్దున్నే తలకట్టుతోనే మాడుగుల బస్సెక్కి ఎల్లిపోయేడు. పడుకోరా అంటే ఇంటేనా?"

"నేనెవరో కూడా తెలీదు అతనికి. నాకోసం ఎందుకు అడ్డం పడ్డాడు?"

త్రినాధరావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రాళ్ళు పడతన్నా ఒకటే మాట సెప్తా ఉన్నాడంటమ్మా. ఆ గోలలో ఎవుడిన్నాడు?"

"ఏం మాట?"

"'ఆ తప్పిపోయిన చిన్నమ్మలు నా కూతురే' అని."