మూత తియ్యని పెన్ను

నాంపల్లి హోటల్లో, ప్రజాభిప్రాయ సేకరణ సభలు ఎలా నడపాలో అధికారులకు జాతీయ శిక్షణ. రిహార్సల్లో అందరూ కలెక్టర్లవుతామన్నవాళ్లే. ప్రజలవడానికి ఒక్కడూ లేడు. చివరికి హాలు ఊడ్చే పోశవ్వను కూర్చోబెట్టారు.

కలెక్టరు కుర్చీ భూపాల్ పట్టాడు. పదకొండు ఊళ్లలో నిజం సభలే నడిపిన అనుభవం మరి.

"ఫ్యాక్టరీ వస్తే నీకేం కష్టమో చెప్పవ్వా."

"బోరు నీళ్లు ఖరాబైతయ్ సారూ. పొలం పోతది."

భూపాల్ తలూపుతూ కాగితం మీద పెన్ను ఆడించాడు. "రాసుకున్న."

"మూత తియ్యకుండనేనా?"

అందరూ గొల్లున నవ్వారు. భూపాల్ కూడా నవ్వాడు. "ఇది ఉత్త నాటకమే గదవ్వా!"

"మా ఊర్ల గూడ గిట్లనే రాసుకున్నరు సారూ. గందుకే గీడికొచ్చి ఊడుస్తున్న."

భూపాల్ మెల్లగా మూత తీశాడు. "ఏ ఊరవ్వా నీది?"

"మీరొచ్చి సభ పెట్టిన ఊరే సారూ," అంటూ పోశవ్వ చీపురందుకుంది.