ముగ్గురి మాట

ఆదోనిలో మనిషికి రోజుకు రెండు చెంబుల నీళ్ళు కొలిచి ఇస్తున్న కాలమది. శవాలకు నీళ్ళు పొయ్యకూడదన్న చట్టాన్ని జనం 'ముగ్గురి మాట' అనేవారు. ప్రభుత్వం చెబితే విననివాళ్ళు గుడి పూజారి, చర్చి పాస్టరు, మసీదు ఇమాము కలిసి ఇల్లిల్లూ తిరిగి చెబితే విన్నారు.

ఆ ఉదయం ఇమాము మస్తాన్ వలీ కొడుకు దస్తగిరి వడదెబ్బకు చనిపోయాడు. పూజారి శేషాచారి, పాస్టరు యేసుపాదం తమ వంతు నీళ్ళను ఒకే బిందెలో పోసుకుని వచ్చారు.

"పిల్లోనికి స్నానం చేపీ సాయిబూ. మేము ఒక దినం తాగకుంటే సచ్చిపోములే" అన్నాడు శేషాచారి.

"వద్దు సామీ. మొన్న నాగమ్మ బిడ్డ పోతే ఒక్క చెంబు పోస్తానని ఆయమ్మ ఏడ్సింది. మన ముగ్గురమే గదా కాదన్యాము."

"ఈ ఒక్కసారికి నిన్నెవురూ ఏమీ అనరప్పా" అన్నాడు యేసుపాదం.

"అనరు. అందుకే వద్దనేది."

నీళ్ళు దొరకనప్పుడు మట్టితో శుద్ధి చేయవచ్చని మస్తాన్ వలీ మతంలో ఉంది. ఆ మాట చెప్పే అతను ఎన్నో ఇళ్ళను ఒప్పించాడు. ఇప్పుడు తనే అరచేతులు నేలకు తాకించి, దులిపి, కొడుకు ముఖాన్ని మెల్లగా తడిమాడు.

చెంపలకు కాస్త మట్టి అంటుకుంది. చిన్నప్పుడు వీధిలో ఆడుకుని వచ్చినప్పుడు వాడి ముఖం అచ్చం ఇలాగే ఉండేది. కడుగుదామని అతని చెయ్యి దానంతటదే బిందె వైపు వెళ్ళింది. శేషాచారి గబుక్కున బిందెను ముందుకు జరిపాడు.

మస్తాన్ వలీ ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, అలాగే కూర్చుండిపోయాడు.