జాబితాలో లేని జబ్బు

“తలుపు తియ్యమ్మా. ఆ కాగితం మీద సంతకం పడకముందే నేను లోపలికెళ్లాలి,” అన్నాడు ఆర్విల్ టీగ్.

క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. లోపల పేషెంటు ఉండగా ఎవరినీ పంపడం కుదరదంది. ఆ పేషెంటు తన స్నేహితుడేనని, నలభై ఏళ్ల స్నేహమని ఆర్విల్ చెప్పాడు. నాలుగొందల ఏళ్లదైనా కుదరదంది.

ఆర్విల్‌కి ఒళ్లు మండిపోయింది. పొద్దున తన తుపాకుల కొట్టు తెరుస్తుండగానే వార్త చెవిన పడింది, ఎల్డన్ స్ట్రౌడ్ గంజాయి కార్డు కోసం డాక్టరు దగ్గరికెళ్లాడని. తీసిన తాళం మళ్లీ వేసేసి ఉన్నపళంగా ట్రక్కెక్కాడు. గంజాయి మీద అతనికి పగేమీ లేదు. మిస్సోరి రాష్ట్రంలో ఇప్పుడు డాక్టరు రాసిస్తే కార్డు తీసుకుని ఎవరైనా మందులా కొనుక్కోవచ్చు, కొనుక్కోనీ. కానీ ఆ కార్డున్నవాడు తుపాకి పట్టకూడదు. రాష్ట్రం సరేనన్నా దేశం చట్టం ఒప్పుకోదు. తుపాకి కొనే ప్రతివాడూ నింపే ఫారంలో గంజాయి వాడతావా అన్న ప్రశ్న ఉంటుంది. అవునని రాస్తే ఆర్విల్ అమ్మకూడదు. లేదని రాస్తే అబద్ధం, దానికి జైలు. పోయిన నెల చర్చిలో పియానో వాయించే పెద్దాయన్నే అతను వట్టి చేతులతో తిప్పి పంపాడు.

శనివారం జింకల వేట మొదలు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎల్డన్, తనూ ఒక్క సీజను తప్పలేదు. ఈ పిచ్చిమారాజుకి ఆ రూలు తెలిసి ఉండదు, తెలిస్తే ఈ గుమ్మం తొక్కేవాడా?

గోడవార కుర్చీలో ఎల్డన్ భార్య నడీన్ కూర్చుని ఉంది, భర్త టోపీ ఒళ్లో పెట్టుకుని. ఆర్విల్ కోపం అటు మళ్లింది.

“ఇది నీ పనేనా?”

“కూర్చో ఆర్విల్. మెల్లగా మాట్లాడు.”

“కూర్చోను. వాడికేం జబ్బని తీసుకొచ్చావు?”

“నిద్ర పట్టడం లేదు. మూడు నెలలైంది.”

“నాకూ పట్టదు. అరవై దాటినవాడికి ఎవడికి పడుతుంది ఈ ఊళ్లో? అందరం గంజాయి తాగి పడుకుందామా?”

నడీన్ టోపీ అంచు నలుపుతూ నేల చూపులు చూసింది. తప్పు చేసినవాళ్ల వాలకం అదేననుకున్నాడు ఆర్విల్.

ఆమె తల మీదుగా గోడకి ఒక జాబితా అంటించి ఉంది, ఏయే జబ్బులకి కార్డు వస్తుందో. ఆర్విల్ కళ్లజోడు పెట్టుకుని గది అంతా వినేలా చదివాడు. కాన్సరు ఉంది. మూర్ఛ ఉంది. కంట్లో నీటికాసులున్నాయి. ఏ మందుకీ లొంగని తలనొప్పి ఉంది. నిద్ర పట్టకపోవడం ఎక్కడా లేదు. అట్టడుగున మాత్రం ఒక వాక్యం ఉంది. పైవేవీ కాకపోయినా, డాక్టరు తన విచక్షణతో తగునని తలిస్తే ఇంకే జబ్బుకైనా ఇవ్వొచ్చట.

“మరి పైనున్న ఈ చాంతాడంత జాబితా దేనికి? గోడకి అందంగా ఉంటుందనా?” అని ముందు బల్ల అమ్మాయిని నిలదీశాడు. ఆమెకేం తెలుస్తుంది పాపం. ఫోను మోగకపోయినా ఎత్తి చెవిన పెట్టుకుంది.

ఆ కేకలకి లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టర్ బీలర్ బయటికొచ్చింది. ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు. ఆర్విల్ కూతురికంటే చిన్నది.

“ఏం డాక్టరమ్మా, నిద్ర పట్టనివాడికల్లా గంజాయి రాసిచ్చేస్తారా?”

“చట్టం దాన్ని నా విచక్షణకి వదిలింది,” అందామె.

“మీ విచక్షణకి పోయేది వాడి తుపాకులు. ఆ సంగతి వాడికి చెప్పారా?”

“ఆయన గురించి నేను మీతో ఏమీ మాట్లాడకూడదు.”

“అంటే చెప్పలేదన్నమాట.”

డాక్టర్ మెడలోని స్టెతస్కోపు తీసి కోటు జేబులో పెట్టుకుంది. అది చూసి ఆర్విల్‌కి ఇంకా మండింది. అంతలో ఆమె వెనకనుంచి ఎల్డన్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. చేతిలో కాగితం. సంతకం పడిపోయింది.

ఆర్విల్ ఉసూరుమన్నాడు. అయినా వదల్లేదు.

“ఒరేయ్, ఇంకా మించిపోలేదు. దాన్ని నువ్వు సర్కారుకి పంపేదాకా కార్డు రాదు. చింపి అవతల పారెయ్. కార్డొస్తే ఇంట్లో ఒక్క తుపాకి ఉంచుకోకూడదు. కొత్తది కొందామన్నా నేను అమ్మలేను. నువ్వొచ్చి నా కాళ్లు పట్టుకున్నా అమ్మలేను. తెలుసా నీకు?”

“తెలుసు,” అన్నాడు ఎల్డన్.

ఆర్విల్ గోడవార కుర్చీ వైపు వేలు చూపించాడు. నడీన్ బలవంతం చేసిందా అని అడిగాడు. లేదు, నేనే వచ్చానన్నాడు ఎల్డన్. ఈ డాక్టరమ్మ ఏమైనా నూరిపోసిందా అని అడిగాడు. ఆమెకి నేనే అంతా చెప్పానన్నాడు.

“మరి తెలిసి తెలిసీ, ముప్పై ఒక్క ఏళ్లు గంగలో కలిపేస్తావా? నాలుగు గంటల నిద్ర కోసమా?”

ఆర్విల్ కోపం కాస్తా ఏడుపులోకి దిగుతోంది. అది ఎవరికీ కనపడకూడదని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఎల్డన్ జేబులోంచి తుపాకుల బీరువా తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టాడు. అన్నీ ఇవాళే నీ కొట్టుకి తీసుకుపొమ్మన్నాడు. కుర్చీలో నడీన్ చేతులతో మొహం కప్పుకుంది.

“నిద్ర కోసం కాదురా,” అన్నాడు ఎల్డన్. “రాత్రంతా ఆ బీరువా ముందే కూర్చుంటున్నా. రేపు నేను నీ కొట్టుకొచ్చి, వేటకేనని ఒట్టేసి అడిగినా, నువ్వు నాకు తుపాకి అమ్మకూడదని.”