ఇరవై రోజుల ముఖం

"కదలకండి. వెలుగు ఇటు పడాలి," అంటూ ఆవిడ భర్త గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

రెండో చేతిలో భూతద్దం. అది అత్తగారు పేపరు చదువుకునేది. మూడు రోజులుగా పొద్దుటిపూట పెద్దావిడకి దొరకడం లేదు.

ముక్కు అయింది. కుడి బుగ్గ అయింది. ఎడమ బుగ్గ దగ్గర ఆవిడ నిట్టూర్చింది.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు పెదవులు కదపకుండా.

"ఉన్నాయి. ఇంకా పదిహేడు రోజులుందిగా, చూద్దాం."

చర్మరంధ్రాల సంగతి. అవి అందరికీ ఉంటాయి. ఇతనికి మాత్రం దేవుడు కాస్త ధారాళంగా ఇచ్చాడు. బళ్ళోనే 'జల్లెడ' అని పేరు పెట్టేశారు. పెద్దయ్యాక సినిమా హాల్లో చేరి ఇరవై ఎనిమిదేళ్ళు టికెట్లు చింపాడు. చీకట్లో పని. ఎవరూ ముఖం చూడరు. అతనికి అదే హాయి.

ఆ హాలు మూతపడి ఎనిమిది నెలలు. యాభై దాటినవాడు ఎక్కడికెళ్ళి అడిగినా 'చూసి చెబుతాం' అన్నవాళ్ళే. మళ్ళీ చూసిందీ లేదు, చెప్పిందీ లేదు.

అలాంటిది, ముఖానికి రాసుకునే క్రీములు తయారుచేసే కంపెనీ నుంచి ఫోను. ప్రకటన చూసి భార్య పంపిన ఫొటో వాళ్ళకి నచ్చిందట. ఇరవై రోజుల తర్వాత స్వయంగా వచ్చి కనబడమన్నారు. కుదిరితే మూడేళ్ళ ఒప్పందం. చదువు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. ముఖం చాలు.

కాలేజీలో చదివే కూతురు పగలబడి నవ్వింది.

"నాన్నా, నువ్వు క్రీముల కంపెనీలోనా! కొందామని వచ్చినవాళ్ళు కూడా పారిపోతారు."

అక్కడ తను చెయ్యాల్సిన పనేమిటో కూతురికి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఈ వయసులో సిగ్గేసింది.

ఫోను వచ్చిన మర్నాడే భార్య అతన్ని చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఇవేం తలుపులు కాదండీ, తెరుచుకోడానికీ మూసుకోడానికీ," అంది డాక్టరమ్మ. "పూర్తిగా పోవు. కనబడడం తగ్గించొచ్చు. రెండు పూటలా ఘాటులేని సబ్బు, గోరువెచ్చని నీళ్ళు. బయటికెళ్తే సన్‌స్క్రీన్. జిడ్డుగా ఉండేవి రాయకూడదు. గిల్లడం, రుద్దడం అసలొద్దు."

భార్య అన్నీ కాగితం మీద రాసుకుంది. "చేయకూడనివి ఇంకోసారి చెప్పండి డాక్టరుగారూ. ఎక్కడా పొరపాటు జరక్కూడదు."

డాక్టరమ్మ మురిసిపోయింది. ఇంత శ్రద్ధగల మనిషిని తన సర్వీసులోనే చూడలేదంది.

పదిహేడో రోజు పొద్దున భూతద్దం ఎడమ బుగ్గ మీద టక్కున ఆగిపోయింది.

"ఏం రాశారు?"

"ఏమీ రాయలేదే."

"నా మీద ఒట్టేసి చెప్పండి."

అతను దిండు గలీబులోంచి చిన్న ట్యూబు తీసి దొంగసొత్తులా అప్పగించాడు. "అమ్మాయి కొనిచ్చింది. వారం నుంచి రాస్తున్నా. కాదంటే చిన్నబుచ్చుకుంటుందని..."

"నాన్న నలుగురిలో బాగుండాలనే కదమ్మా తెచ్చాను!" కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తండ్రీకూతుళ్ళు కలిసి కొంప ముంచారు కదే! ఇంక మూడే రోజులు. ఈ ముఖం పట్టుకుని ఎలా వెళ్తారీయన?" భార్య మంచం మీద కూలబడింది.

పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. "డాక్టర్లూ వద్దు, ట్యూబులూ వద్దు. పుట్టిన దగ్గర్నించీ నాకు తెలిసిన ముఖం. నాకొదిలెయ్యండి."

ఆ మూడు రోజులూ అతని ముఖం అతనిది కాదు. పొద్దున్నే మూకుట్లో మిగిలిన వేపుడు నూనె. మధ్యాహ్నం డాబా మీద కుర్చీ, మీద మిటమిటలాడే ఎండ. సాయంత్రం గరుకు తువ్వాలు పట్టుకుని తల్లి తోముతుంటే, ఇంట్లో అంట్లగిన్నెలకే తనకన్నా మర్యాద జరుగుతోందనిపించింది.

"మండుతోందమ్మా!"

"ఉద్యోగమంటే ఊరికే వస్తుందిరా? ఓర్చుకో."

పక్క డాబా మీద బట్టలారేస్తున్నావిడ తొంగిచూసి, ఏమిటి విశేషమని అడిగింది. "వైద్యం," అంది తల్లి, చెయ్యి ఆపకుండా.

ఇరవయ్యో రోజు అతను భార్యతో వెళ్ళేసరికి కంపెనీ వరండాలో మరో అయిదుగురు కూర్చుని ఉన్నారు. ఒకరు మఫ్లరు చుట్టుకున్నారు. ఒకరు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన పేపరు తలకిందులుగా పట్టుకుని దాని వెనక దాక్కున్నాడు. పోటీ గట్టిగానే ఉందని అర్థమైంది.

లోపల మేనేజరమ్మ అతన్ని పెద్ద దీపం కింద కూర్చోబెట్టింది. దగ్గరికొచ్చి చూసింది. దూరం జరిగి చూసింది. ఫొటోలు తీసే కుర్రాణ్ణి పిలిచి చూపించింది. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. తన ముఖాన్ని ఇంతసేపు ఇంత ఇష్టంగా చూసినవాళ్ళు అతనికి జీవితంలో తగల్లేదు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు?" అందావిడ.

"చీకట్లోనండీ," అన్నాడు నిజాయితీగా.

ఆవిడ ఒప్పందం కాగితాలు అతని ముందుకి జరిపింది.

అతను బయటికొచ్చి తలూపేసరికి, భార్య అంతమంది ముందూ అతని రెండు బుగ్గలూ నిమిరి ఏడ్చేసింది.

నెల తిరక్కుండా బస్టాండు ఎదురుగా రెండంతస్తుల ఎత్తున హోర్డింగు లేచింది. ఇంటిల్లిపాదీ చూడ్డానికి వెళ్ళారు. "మా నాన్న!" అంటూ కూతురు బస్సు కోసం నిలబడ్డ ప్రతివాళ్ళకీ వేలెత్తి చూపించింది.

తల్లి మాత్రం కళ్ళజోడు సర్దుకుని, గదంత పెద్దదైన కొడుకు ముఖం కింద ఎర్రగా రాసి ఉన్న అక్షరాలు కూడబలుక్కుంటూ, గర్వంగా పైకి చదివింది: "వా...డ...క... ముం...దు."